తోడు అవసరం

నమోదు 1

నా పేరు పైడితల్లి. అందరూ పైడి అంటారు. లోకొండ విశ్వవిద్యాలయం నారు విభాగంలో రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది మా తరగతిలో ప్రతి ఒక్కరూ ఒక నారుమడిని సొంతంగా పెంచాలి. విత్తనం వేసిన నాటి నుంచి మొక్కను పెద్దమడిలో నాటేదాకా ఏం జరిగిందో చెబుతూ ఉండాలి. మణికట్టు పట్టీ దగ్గర మాట్లాడితే అది రాసుకుంటుంది. నా మాట తడబడినా రాతలో సరిచేస్తుంది. సరిచేయాలే గానీ అర్థం మార్చకూడదని మా వకుళ మేడమ్ దానికి గట్టిగా చెప్పి పెట్టారు. ఎప్పుడైనా మార్చినట్టు అనిపిస్తే తనతో చెప్పమన్నారు.

నాకు వంగ వచ్చింది. మిరప, టమాటా ముందే అయిపోయాయి. ఏది కావాలో నేను తేల్చుకునేలోపు వంగ ఒక్కటే మిగిలింది. ఫరవాలేదు. వంగ విత్తనం చాలా చిన్నది. తడి వేలికి అంటుకుంటే విదిలించినా రాలదు. కొబ్బరి పొట్టు నింపిన తట్టల్లో గుంటకొక విత్తనం వేశాను. పైన పలచగా పొట్టు చల్లి నీళ్ళు పిచికారీ చేశాను. నారు గదిలో ఊదారంగు దీపాలు ఉంటాయి. వాటి కింద నా చేతులు ఇంకెవరివో అన్నట్టు కనిపిస్తాయి.

పని అయ్యేసరికి ఎండ వేళ మొదలైందని చెప్పే కూత వినిపించింది. ఇక సాయంత్రం దాకా కొండ బయట ఎవరూ తిరగకూడదు. కొండను తొలిచి కట్టిన గదుల్లో ఉన్న మాకు తేడా ఏమీ తెలియదు. గోడ మీద చెయ్యి ఆనిస్తే మాత్రం వెచ్చగా తగులుతుంది.

నమోదు 2

ఈరోజు తట్టల్లో ఏమీ జరగలేదు. అందుకని తలుపుల గురించి చెబుతాను.

అందరి చదువు పథకం కింద ఇక్కడ చేరినవాళ్ళం ఎనిమిది మందిమి ఉన్నాం. మాకు బుద్ధి నెమ్మది అని చిన్నప్పుడే డాక్టర్లు తేల్చారు. క్లాసులు మాత్రం అందరితో కలిసే వింటాం. పరీక్ష మాటల్లో పెడతారు, బొమ్మలు చూపిస్తారు, ఎక్కువ సేపు ఇస్తారు. మొదటి ఏడాది నేను అలాగే పాసయ్యాను. మా అమ్మ ఆ సంగతి తను పనిచేసే లాండ్రీలో అందరికీ చెప్పింది.

పోయిన వేసవిలో ఒక అబ్బాయి ఎండ వేళ బయటి తలుపు తీసుకుని వెళ్ళి పడిపోయాడు. బతికాడు గానీ ఇప్పటికీ సరిగ్గా నడవలేడు. అతను మా ఎనిమిది మందిలో వాడు కాదు. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి, స్నేహితులతో పందెం కాసి వెళ్ళాడు. అయినా ఆ తర్వాత తలుపులు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది మమ్మల్నే. మిగతా విద్యార్థులు దగ్గరికి రాగానే తలుపు తెరుచుకుంటుంది. మా పట్టీ కనిపిస్తే ఆగి అడుగుతుంది. సరిగ్గా చెబితే తెరుస్తుంది. చెప్పకపోతే ‘తోడు అవసరం’ అంటుంది. ఒకసారి అలా అన్నదంటే ఇక ఆ తలుపు నాకు ఒంటరిగా ఎప్పుడూ తెరుచుకోదు. ఎవరైనా మామూలు విద్యార్థి నాతో రావాలి.

నిన్న వాన గదికి వెళ్ళాను. అది కొండ పైఅంచున ఉంటుంది, అద్దంలోంచి ఆకాశం కనిపిస్తుంది. తలుపు నన్ను ఇలా అడిగింది: “మీరు ప్రవేశించే ప్రదేశంలో తేమ అధికం. జారిపడే అవకాశాన్ని గ్రహించారా? నివారణ చర్య తెలపండి.”

జారిపడటం తెలిసింది. నివారణ చర్య అంటే ఏమిటా అని ఆలోచిస్తున్నాను. మెల్లగా నడవడమే అయి ఉంటుందని అప్పుడే తట్టింది. నేను నోరు తెరిచేలోపు ఎర్ర దీపం వెలిగింది. వాన గది పోయింది.

నమోదు 3

మొలకలు వచ్చాయి. అన్నీ కాదు, చాలావరకు. మొదట మెడ వంచుకుని ఉంటాయి. తర్వాత తల ఎత్తుతాయి. నా పక్క తట్ట వాళ్ళ మిరప ఇంకా రాలేదు. నాకు సంతోషం వేసింది. అలా సంతోషించకూడదేమో గానీ వేసింది.

ఈ వారం గ్రంథాలయం పోయింది, క్యాంటీన్ వెనకవైపు వంటగది పోయింది. వంటగదిలో ఆదివారాలు మేము కొందరం కలిసి అందరికీ చోడి అంబలి, అంటే రాగి జావ, కాచేవాళ్ళం. నేను ఉండలు కట్టకుండా కలుపుతానని వంటవాళ్ళు నన్నే పిలిచేవారు. ఆదివారం తలుపు దగ్గర నిలబడితే లోపలి నుంచి నవ్వులు వినిపించాయి.

గౌరీసు మాత్రం అన్ని చోట్లకూ వెళుతున్నాడు. గౌరీసు మా ఎనిమిది మందిలో ఒకడు, నీటి విభాగంలో చదువుతున్నాడు. పంపుల గదిలో జల్లెడలు కడగడం, నీటి రంగు చూసి చెప్పడం వాడి పని. వాడు పెద్దగా మాట్లాడతాడు, పెద్దగా నవ్వుతాడు. నీకెలా తెరుచుకుంటున్నాయి అని అడిగితే రహస్యం చెప్పాడు. తలుపు ఏది అడిగినా ఆఖరి మాట అయ్యీ అవకముందే “అర్థమైంది, జాగ్రత్తగా ఉంటాను” అనేస్తాడట. అడిగింది ఏమిటో వాడికి తెలియదట.

నేనూ ప్రయత్నించాను. దాని ముందు నిలబడితే నాకు ప్రశ్న వినాలనిపిస్తుంది. వింటే ఆలోచన వస్తుంది. ఆలోచించేసరికి ఎర్ర దీపం వెలుగుతుంది.

నమోదు 4

భద్రత చూసే ఆనందరాజు గారి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడానికి కూడా తోడు కావలసి వచ్చింది, మా గదిలో ఉండే తరళ వచ్చింది. తరళ నా తరగతే. మామూలుగా చేరిన అమ్మాయి.

ఆనందరాజు గారు కోపిష్టి మనిషి కాదు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. పడిపోయిన ఆ అబ్బాయిని ఎండలోంచి లోపలికి మోసుకొచ్చింది ఆయనేనట. చేతుల మీద కాలిన మచ్చలు చూపించారు. ఇంకోసారి అలాంటిది చూడలేనమ్మా అన్నారు. తలుపు ఇంకొంచెం సేపు ఆగితే నేను చెప్పగలనని చెప్పాను. ప్రమాదం అలా ఆగదు కదా అన్నారు. గ్రంథాలయంలో ఏం ప్రమాదం అని అడుగుదామని తర్వాత తోచింది. అప్పటికి మేము గదికి వచ్చేశాం.

ఇంకో మాట కూడా చెప్పారు. ఈ ఏర్పాటుకు మా అమ్మ ఒప్పుకుని వేలిముద్ర వేసిందట. నాకు ఇరవై ఒకటి దాటాయి. అయినా పథకంలో వాళ్ళకు ఇంట్లోవాళ్ళ ఒప్పుదల చాలునట.

నమోదు 5

అమ్మతో తెర మీద మాట్లాడాను. అమ్మ దిగువ సొరంగం ఊళ్ళో ఉంటుంది. పగలంతా ఆవిరి యంత్రాల దగ్గర దుప్పట్లు ఉతుకుతుంది.

అమ్మా, వేలిముద్ర వేశావా అని అడిగాను. వేశానంది. ఎందుకేశావని అడిగాను. అమ్మ నాన్న గురించి చెప్పింది. నాన్న కొండ బయట, ఎండతో కరెంటు చేసే పలకలు తుడిచే పనికి వెళ్ళేవాడు. ఒకరోజు కూత వినిపించుకోలేదో, పని మిగిలిపోయిందనుకున్నాడో, అక్కడే పడిపోయాడు. ఇది నాకు తెలుసు. కానీ ఆ రోజు ఆయన ఒంటి మీద నీళ్ళు పోస్తే పొగ వచ్చిందని అమ్మ ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

“నువ్వు తలుపు లోపల ఉన్నావంటే నాకు రాత్రి నిద్ర పడతంది. అంతకన్నా నానేటి కోరుకోనే గుంటా” అంది.

నేను ఎండలోకి వెళ్ళనని చెప్పాను. నీకు తెలవదులే అంది. అమ్మ మీద అరవాలనిపించింది. కానీ అమ్మ చేతులు తెర మీద కనిపిస్తున్నాయి, సున్నం రాసినట్టు తెల్లగా నానిపోయి ఉన్నాయి. అరవలేదు.

నమోదు 6

నారు గది పోయింది.

పొద్దున నీళ్ళు పిచికారీ చేయడానికి వెళ్ళాను. తలుపు ఇవాళ మందుల నిల్వ గురించి ఏదో అడిగింది. నాకు భయం వేసి “అర్థమైంది” అనేశాను, గౌరీసు చెప్పినట్టు. ఏమర్థమైందో వివరించమంది. అది కొత్తగా నేర్చుకున్నట్టుంది. నేను తలుపు మీద చేతితో కొట్టాను. కొట్టకూడదు. నా ప్రవర్తన నమోదైందని చెప్పింది.

ఇప్పుడు ఒంటరిగా నాకు మిగిలింది మా గది, దాని ముందు నడవ, స్నానాల గది, పాఠం చెప్పే ఒక్క హాలు. నడవ చివర్న నిలబడి ఇటు నుంచి అటు చూస్తే అంతా కనిపిస్తుంది.

నమోదు 7

తరళ పొద్దున్నే నాతో నారు గదికి వస్తోంది. సాయంత్రం కూడా వస్తోంది. మధ్యలో క్యాంటీన్‌కు, గ్రంథాలయానికి, వకుళ మేడమ్ గదికి. నా వెంట వచ్చి నేను పని చేసేంతసేపూ గోడకు ఆనుకుని నిలబడుతుంది. మొదట్లో కబుర్లు చెప్పేది. ఇప్పుడు పట్టీ చూసుకుంటూ ఉంటుంది. నేను తొందర తొందరగా పిచికారీ చేస్తున్నాను. ఒక తట్ట తడవనే లేదని గదికి వచ్చాక గుర్తొచ్చింది. మళ్ళీ రమ్మని అడగలేకపోయాను.

నమోదు 8

తరళకూ నాకూ గొడవ అయింది.

నాతో క్యాంటీన్‌కు వచ్చినందువల్ల తనకు మార్కులు వేసే చర్చకు ఆలస్యమైంది. వాళ్ళు లోపలికి రానివ్వలేదు. గదికి వచ్చి మంచం మీద అటు తిరిగి పడుకుంది. నేను క్షమించమన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను. అప్పుడు లేచి కూర్చుని చెప్పింది:

“నువ్వంటే నాకు ఇష్టమే పైడీ. నీతో ఉండాలనే ఈ గది అడిగి తీసుకున్నాను. కానీ నేను నీ తాళంచెవిని కాదు. రోజంతా నీకు తలుపులు తీస్తూ ఉంటే మనం స్నేహితులం ఎప్పుడవుతాం?”

తను చెప్పింది నిజం. రేపటి నుంచి పొద్దున ఒక్కసారే రమ్మంటాను.

నమోదు 9

నేను రోజుకు ఒక్కసారే వెళుతున్నానని చూసి, నా తట్టలకు పంపు నీళ్ళు పెట్టించారట. ఎవరో మంచి మనసుతోనే చేశారు. పంపు నేను వెళ్ళకముందే పోస్తుంది, తడి ఉన్నా పోస్తుంది.

ఇవాళ తట్ట ఎత్తి చూస్తే కొన్ని మొక్కలు పక్కకు వాలిపోయి ఉన్నాయి. మొదలు దగ్గర దారంలా సన్నబడి, తాకితే మెత్తగా ఊడి వచ్చాయి. నారుకుళ్ళు. నీళ్ళు ఎక్కువైతే వస్తుంది. పోయిన ఏడాది పాఠంలో విన్నాను, బొమ్మ కూడా చూశాను. పంపు ఆపాలి. ఆపే మీట ఇంకో గదిలో ఉంది. ఆ గదికి నాకు తోడు ఉన్నా అనుమతి లేదు. తరళ వెళ్ళి ఆపి వచ్చింది. తను క్లాసుకు వెళ్ళాక అది మళ్ళీ తనంతట తానే మొదలైంది.

నమోదు 10

మమ్మల్ని ఎనిమిది మందినీ హాల్లో కూర్చోబెట్టి ఆనందరాజు గారు ఒక సినిమా చూపించారు. కొండలో దిగువ వైపున మాకోసం కొత్తగా ఒక అంతస్తు కట్టారు. దాని పేరు హాయి అంతస్తు. మెత్తటి కుర్చీలు, సొంత క్యాంటీన్, చిన్న తోట, తరగతి గది, మాకు మాత్రమే పాఠం చెప్పే ఇద్దరు టీచర్లు. అక్కడ లోపలి తలుపులు ఏవీ ప్రశ్న అడగవు. ఎప్పుడు ఎక్కడికైనా వెళ్ళవచ్చు. హాయి అంతస్తు లోపల.

మావాళ్ళు చప్పట్లు కొట్టారు. గౌరీసు అందరికంటే ఎక్కువ కొట్టాడు. వాడికి కూడా ఇప్పుడు చాలా తలుపులు మూసుకుపోయాయి, వివరించమని అడుగుతున్నాయి కదా. మిగతా విద్యార్థులు అక్కడికి వస్తారా అని నేను అడిగాను. కావాలంటే రావచ్చమ్మా, ఎవరినీ ఆపం అన్నారు ఆయన.

వకుళ మేడమ్ వెనక వరసలో కూర్చుని ఉన్నారు. చప్పట్లు కొట్టలేదు. బయటికి వచ్చాక నీకేమనిపిస్తోంది అని నన్ను అడిగారు. నేను నడవ చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి చెప్పాను. అక్కడ వంగ నారు లేదు మేడమ్, తరళ లేదు, మీరు లేరు. మేడమ్ అంతసేపూ అక్కడే నిలబడి ఉన్నారు.

మారాలంటే మళ్ళీ ఇంట్లోవాళ్ళు వేలిముద్ర వేయాలి. అమ్మ వస్తోంది.

నమోదు 11

ఇది పెద్దది. మెల్లగా చెబుతాను.

ఇవాళ వాన పడింది. వాన పడితే పగలు కూడా బండ్లు తిరుగుతాయి. అమ్మ సెలవు పెట్టి వచ్చింది. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా ఆఫీసు మనిషి బండి దగ్గరికి వెళ్ళి తీసుకొచ్చేవాడు. ఈసారి అమ్మ చెప్పిన వేళ కంటే ముందే దిగింది. తలుపు దగ్గర ఎవరూ లేరు.

నన్ను తరళ సందర్శకుల హాలు దాకా దింపి క్లాసుకు వెళ్ళిపోయింది. నాకూ అమ్మకూ మధ్య అద్దం తలుపు ఒక్కటే ఉంది. అమ్మ కొత్త చీర కట్టుకుంది. చేతిలో స్టీలు క్యారేజీ ఉంది. నన్ను చూసి నవ్వి ముందుకు అడుగు వేసింది. తలుపు తెరుచుకోలేదు. బయటి నుంచి వచ్చేవాళ్ళను కూడా అడుగుతుందని నాకు తెలియదు. అమ్మకూ తెలియదు.

“సందర్శకులకు నమస్కారం. గత పక్షంలో మీలో ఉష్ణాఘాత లక్షణాలు గమనించారా? సమాధానం తెలపండి” అంది తలుపు.

అమ్మ అటూ ఇటూ చూసింది. తన వెనక ఎవరైనా ఉన్నారేమో అనుకుంది. ఏటి, ఏటన్నావు బాబూ అని తలుపునే అడిగింది. అది మళ్ళీ అదే మాట అంది. అమ్మ క్యారేజీ కింద పెట్టి, పైట సర్దుకుని, చెవి తలుపుకు దగ్గరగా పెట్టింది. ఈలోపు ఎర్ర దీపం వెలిగింది.

“సమాధానం అందలేదు. తోడు అవసరం.”

నేను ఇటువైపు నుంచి తలుపు దగ్గరికి పరిగెత్తాను. అది నాకూ తెరుచుకోదు కదా. అదే మాట నాకూ చెప్పింది. ఇటు నేను, అటు అమ్మ. అద్దం ఒకటే. అద్దంలోంచి మాట వినిపిస్తుంది, కొంచెం దూరంగా ఉన్నట్టు వినిపిస్తుంది.

అమ్మ దాన్ని తోసి చూసింది. తర్వాత చుట్టూ చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఇద్దరు అబ్బాయిలు బయటి నుంచి వచ్చారు. వాళ్ళకు తెరుచుకుంది. అమ్మ వాళ్ళ వెనకే రాబోయింది. తలుపు ఆమెను ఆగమని గట్టిగా హెచ్చరించింది. ఆ అబ్బాయిలు వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయారు. అమ్మ అక్కడే ఆగిపోయింది. అమ్మ మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు. లాండ్రీలో ముప్పై మంది ఆడవాళ్ళకు పని చెప్పే మనిషి.

“అది అడిగింది నాకు బోదపడనేదు” అంది. “ఏటడిగింది?”

నాకు ఆ మాట తెలుసు, పాఠంలో వచ్చింది. వడదెబ్బ అమ్మా అన్నాను. వడదెబ్బ తగిలిందా అని అడిగింది.

అమ్మ తలుపు పక్కన నేల మీద కూర్చుంది. నేనూ ఇటువైపు కూర్చున్నాను. తరళ క్లాసు అయ్యేదాకా ఎవరూ రారు. రోజూ ఇలాగేనా అని అమ్మ అడిగింది. రోజూ ఇలాగే అన్నాను. గ్రంథాలయం, వంటగది, నారు గది, అన్నీ చెప్పాను. నారుకుళ్ళు గురించి చెప్పాను. తరళతో గొడవ కూడా చెప్పాను. అమ్మ వింటూ ఉంది. మధ్యలో ఒక్కసారి కూడా నీకు తెలవదు అనలేదు.

“వడదెబ్బంటే నాకు తెలీదా పైడీ” అంది చివరికి. “మీ నాన్నని ఈ చేతుల్తో ఎత్తినాను. అది తెలుగులో అడిగుంటే సెప్పనా?”

“నాకు సేపు ఇస్తే నేనూ చెబుతాను అమ్మా.”

అమ్మ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. అక్కడ ఆవిరి పట్టింది.

తరళ వచ్చి ఇద్దరికీ తలుపు తీసింది. అమ్మ తనకు దండం పెట్టబోతే తరళ చేతులు పట్టుకుని వద్దంది. ముగ్గురం నడవలో కూర్చుని క్యారేజీ విప్పాం. తర్వాత అమ్మ ఆనందరాజు గారి గదికి వెళ్ళి, హాయి అంతస్తుకు వేలిముద్ర వేయనంది. వేసిన పాత ముద్ర కూడా తీసేయమంది. ఆయన నచ్చజెప్పాలని చూశారు. అమ్మ వాదించలేదు. తీసేయండి బాబూ అనే మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

నమోదు 12

పాత ముద్ర తీసేస్తే రెండే దారులట. నేను ఇంటికి వెళ్ళిపోవాలి, లేదా అమ్మ హాయి అంతస్తుకైనా ముద్ర వేయాలి. నియమం అలా ఉందని ఆనందరాజు గారు చెప్పారు. వకుళ మేడమ్ ఇంకో నియమం చూపించారు. వయసు వచ్చినవాళ్ళు తమ మంచిచెడ్డలు తామే అర్థం చేసుకున్నామని సంఘం ముందు చెప్పగలిగితే, ఇంట్లోవాళ్ళ ముద్రతో పనిలేదు. ఎంతసేపట్లో చెప్పాలో ఆ నియమంలో లేదు.

రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. చెప్పలేకపోతే ఏమవుతుందని తరళను అడిగాను. తనకు తెలియదంది. తర్వాత తన దుప్పటి తెచ్చి నా మంచం పక్కన కింద పడుకుంది.

నమోదు 13

సంఘం అంటే ముగ్గురు పెద్దవాళ్ళు, ఆనందరాజు గారు, వకుళ మేడమ్. ఆనందరాజు గారు మంచినీళ్ళ గ్లాసు నా దగ్గరికి జరిపారు. ఆయనే అడిగారు. ఎండ వేళ బయటి తలుపు తెరిచి ఉండటం చూశావనుకో పైడీ, ఏం చేస్తావు?

నేను ఆలోచించాను. ముందు నాన్న గుర్తొచ్చాడు. తర్వాత అద్దానికి అటువైపు కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. వాళ్ళను పక్కకు పెట్టి ప్రశ్న దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. పెద్దవాళ్ళలో ఒకాయన, తలుపు మూసేస్తావు కదమ్మా అని అందించబోయారు. మేడమ్ వద్దన్నట్టు ఆయన వైపు చూశారు. కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఒకావిడ దగ్గింది. ఎర్ర దీపం ఏదీ వెలగలేదు.

“దూరంగా ఉంటాను” అన్నాను. “ఎవరినైనా పిలుస్తాను. దగ్గరికి వెళ్ళను, నాకు భయం.”

ఇంకా ఉంది అన్నాను. వాళ్ళు ఆగారు.

“మీరందరూ కూడా భయం వల్లే వెళ్ళరు కదా సార్. మిమ్మల్ని ఎవరూ ప్రశ్న అడగలేదు. పడిపోయిన అబ్బాయికి ప్రశ్నలన్నీ తెలుసు. అతనికి భయం లేదు, అంతే.”

ఆనందరాజు గారు తన చేతుల మీది మచ్చల వైపు చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. ఈసారి మేమందరం ఆయన కోసం ఆగాం. ఎండ వేళ బయటి తలుపు ఇకనుంచి ఎవరికీ తెరుచుకోకూడదని, లోపలి తలుపులు ఈ అమ్మాయిని ప్రశ్నలు అడగకూడదని ఆయనే అన్నారు. సంఘం ఒప్పుకుంది.

మిగతా ఏడుగురి సంగతి ఏమిటని మేడమ్ అడిగారు. వాళ్ళ ఇంట్లోవాళ్ళ ముద్రలు ఉన్నాయి, వాళ్ళు ఒక్కొక్కరు వచ్చి అడిగితే చూద్దాం అన్నారు సంఘం పెద్దవాళ్ళు.

నమోదు 14

పంపు ఆపించాను. తట్టలు ఆరనిచ్చాను. కుళ్ళినవి తీసి పారేశాను. సగం కంటే తక్కువ మిగిలాయి. మిగిలినవాటిని ఇవాళ పెద్దమడిలో నాటాను. ఎందుకు చచ్చిపోయాయో పరీక్షకు వచ్చినాయనకు చెప్పాను. మార్కులు ఇంకా రాలేదు.

తరళ, నేను ఆదివారం వంటగదికి వెళ్ళాం. విడివిడిగా వెళ్ళాం, అక్కడ కలుసుకున్నాం.

నమోదు 15

మిగతా ఏడుగురూ హాయి అంతస్తుకు వెళ్ళిపోయారు. గౌరీసు వాళ్ళ మావయ్య ముద్ర తీయనన్నాడట. వకుళ మేడమ్ ఆయనతో రెండుసార్లు మాట్లాడారు. పిల్లాడు సుఖంగా ఉన్నాడు, మళ్ళీ ఎందుకు కదపడం అన్నాడట.

ఇవాళ క్లాసు లేదు. అంబలి పట్టుకుని గౌరీసు దగ్గరికి వచ్చాను. హాయి అంతస్తు తలుపు నాకు తెరుచుకుంది. గౌరీసు ఎదురొచ్చాడు. తోట చూపించాడు, కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ నిజంగానే మెత్తగా ఉంది. ఇంకెవరైనా వస్తారా అని అడిగాను. మొదటి రోజుల్లో పంపుల గదివాళ్ళు ఇద్దరు వచ్చారట. తర్వాత రాలేదట.

వాడు మెల్లగా మాట్లాడుతున్నాడు. నవ్వలేదు. ఏమైందంటే చెప్పాడు.

“ఇక్కడ నన్నెవలూ తిట్టరే పైడీ. పంపుల కాడ జల్లెడ సరిగా కడగనేదని గౌరీసూ, గౌరీసూ అని కేకలేసేవోలు.”

వెళ్ళొస్తానని లేచాను. తలుపు తెరుచుకుంది. గౌరీసు నా వెనకే వచ్చి గుమ్మం ముందు నేల మీద గీసిన గీత దగ్గర ఆగిపోయాడు. వాడికి తోడు ఉంటే చాలదు, ఇక్కడి నుంచి బయటికి రావాలంటే ఆఫీసు అనుమతి కావాలి. తలుపు మూసుకోబోయింది. నేను ఇంకా గడప మీదే ఉన్నాను. నాకు తగిలి అది ఆగి, మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసుకోబోయింది. మళ్ళీ ఆగింది.

నేను అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు ఇదంతా ఆ గడప మీద కూర్చునే చెబుతున్నాను. తలుపు గంట కొడుతోంది. అడ్డు తొలగమంటోంది. మనిషి అడ్డు ఉంటే అది మూసుకోలేదు. ఆనందరాజు గారికి కబురు వెళ్ళే ఉంటుంది. నడవ అవతల ఎవరో వస్తున్న అడుగులు వినిపిస్తున్నాయి. వకుళ మేడమ్‌కూ తరళకూ నేను కూడా కబురు పెట్టాను. నాకు భయంగానే ఉంది. నన్ను కూడా మళ్ళీ ప్రశ్నల్లోకి పంపేస్తారేమో. పథకంలోంచే తీసేస్తారేమో.

గౌరీసు గీతకు అవతల నిలబడి, నా భుజం మీదుగా నడవలోకి చూస్తున్నాడు. పంపుల గది అటే.

నేను రావచ్చా అని అడిగాడు. రమ్మని నేను అనలేదు, వద్దని కూడా అనలేదు. వస్తే నీకేమవుతుందో, రాకపోతే ఏమవుతుందో నాకు తెలిసింది చెప్పాను. నువ్వే చెప్పు గౌరీసూ అన్నాను.

వాడు ఆలోచిస్తున్నాడు. గంట మోగుతూనే ఉంది. నేను వాణ్ణి తొందరపెట్టడం లేదు.